మెయింటెనెన్స్ పెంపు: కోశాధికారికీ మాస్టారుకూ సంవాదం

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్నవారికి నాలుగు గోడల మధ్య ఉన్న ఇల్లు ఒక్కటే సొంతం కాదు. మెట్లు, లిఫ్టు, సెల్లారు, టెర్రస్, సంపు, బోరు, ప్రహరీ, వీటన్నిటి కింద ఉన్న నేల, ఇన్నిటిలోనూ విడదీయరాని వాటా ఉంటుంది. ఈ ఉమ్మడి ఆస్తిని నడపడానికీ, చెడకుండా నిలబెట్టడానికీ యజమానుల సంఘం వసూలు చేసే సొమ్మును తెలుగు నగరాల్లో మెయింటెనెన్స్ అంటారు. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా నెలనెలా కడతారు, కొన్ని విల్లాల కాలనీల్లో ఏడాదికోసారి కడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యాలపై 1987లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), సంఘం ఏర్పాటులో పాలుపంచుకోవడం కొనుగోలుదారు బాధ్యతల్లో ఒకటిగా చేర్చింది. అయితే నెలకు ఇంత కట్టాలన్న రేటు ఈ చట్టాల్లో ఉండదు. అది యజమానులు సర్వసభ్య సమావేశంలో కూర్చుని తేల్చుకోవలసిందే. తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్లలో పాత స్నేహాలు చెడేది చాలాసార్లు ఈ ఒక్క అంశం దగ్గరే.

వాదం తేలిగ్గా అర్థం కావడానికి ఒక నమూనా భవనం తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్ల కిందట కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. 40 ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, ఒక జనరేటరు. ఫ్లాట్‌కు నెలకు 2,000 రూపాయల మెయింటెనెన్స్ ఎనిమిదేళ్లుగా మారలేదు. దాన్ని 3,200 చేయాలని సంఘం కోశాధికారి ప్రతిపాదించారు. ఆమె ఉద్యోగిని. రెండో అంతస్తులో చిన్న ఫ్లాట్ ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు, అందరూ మాస్టారు అని పిలిచే పెద్దమనిషి, అడ్డు చెప్పారు. ఇక్కడి భవనం, మనుషులు, లెక్కలు ఊహించినవి. వాదనలు మాత్రం ఇలాంటి చాలా సమావేశాల్లో వినపడేవే.

కోశాధికారి: "మాస్టారూ, రెండు వేలు అనుకున్న రోజున ఆ డబ్బులో అన్నీ జరిగేవి. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, అప్పటి రెండు వేల పని ఇప్పుడు జరగాలంటే 3,188 రూపాయలు కావాలి. నేను 3,200 అడుగుతున్నాను. కొత్త సౌకర్యం ఒక్కటీ చేర్చలేదండీ. ఎనిమిదేళ్ల కిందటి స్థాయికి తిరిగి వద్దామంటున్నానంతే."

మాస్టారు: "వడ్డీ లెక్క బాగానే ఉందమ్మా. కానీ మన ఖర్చుల్లో ప్రతిదీ 6 శాతం పెరిగిందా? మెట్ల మీద ఎల్‌ఈడీ బల్బులు పెట్టాక కరెంటు వాడకం తగ్గింది. ధరల సూచీ దేశం మొత్తానిది, ఈ భవనానిది కాదు. రిజిస్టరు తెప్పించండి, పద్దు పద్దూ చూద్దాం."

సూత్రం వరకు కోశాధికారి మాట నిజం. ఏటా 6 శాతం పెరిగే ఖర్చు 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. రేటు మార్చకపోతే సంఘం ఆదాయం ప్రతి సంవత్సరం కొంత కరుగుతుంది, ఆ కరగడం ఎవరి కంటికీ కనపడదు. ఎనిమిదేళ్లు ఊరుకుని ఒక్కసారి సరిచేయబోతే దాదాపు 60 శాతం పెంపుగా మీద పడుతుంది. ఏటా వందో నూటయాభయ్యో పెంచుకుంటూ వచ్చి ఉంటే ఈ సభే అవసరమయ్యేది కాదు. మాస్టారు అడిగింది కూడా అంతే న్యాయమైనది. సూచీని బట్టి రేటు పెంచడం సులువే గాని, ఖర్చు ఎక్కడ పెరిగిందో అది చెప్పదు.

రిజిస్టరు తెరిస్తే ముందు కనిపించేది జీతాలే. ఇలాంటి భవనంలో వాచ్‌మన్ కుటుంబం సెల్లారు పక్కన ఒక చిన్న గదిలో ఉంటుంది. భర్త గేటు, మోటారు, లిఫ్టు చూసుకుంటాడు. భార్య మెట్లు కడిగి, నాలుగిళ్లలో పని చేసుకుంటుంది. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో బతుకుదెరువుకు వచ్చిన ఇలాంటి కుటుంబాలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎన్నో.

కోశాధికారి: "రేటు ఎనిమిదేళ్లు మారలేదంటే వాచ్‌మన్ జీతం కూడా దాదాపు అక్కడే ఆగిపోయిందని అర్థం మాస్టారూ. మనం మిగుల్చుకున్నామనుకున్న డబ్బు అతని పిల్లల ఫీజుల్లోంచి మిగిలింది."

మాస్టారు: "ఆ మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. జీతం పద్దు విడిగా పెట్టండి, ముందు నేనే చెయ్యెత్తుతాను. అతని పేరు చెప్పి మిగతా పద్దులన్నీ దాటించెయ్యకండి."

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ పద్దు వేరే రూపంలో ఉంటుంది. అక్కడ గార్డులను ఏజెన్సీ పంపుతుంది. బిల్లులో కనీస వేతనం, దానిమీద యజమాని వాటాగా 12 శాతం పీఎఫ్, 3.25 శాతం ఈఎస్ఐ, ఏజెన్సీ కమీషన్, ఆపైన 18 శాతం జీఎస్టీ ఉంటాయి. ప్రభుత్వం కరువు భత్యం సవరించినప్పుడల్లా ఆ బిల్లు పెరగాలి. పెరగలేదంటే గార్డుకు చేరవలసినది చేరడం లేదేమోనని సంఘం అనుమానించాలి.

తరువాత చర్చ లెక్కల మీదికి మళ్లింది. మాస్టారు వాదంలో బలమంతా ఇక్కడే ఉంది.

మాస్టారు: "నలభై ఫ్లాట్లు, రెండేసి వేలు. ఏడాదికి 9,60,000 రావాలి. ఆరు ఫ్లాట్ల వాళ్లు ఏడాదిగా పైసా కట్టలేదని మీ పట్టికే చెబుతోంది. అంటే 1,44,000 బాకీ. దాన్ని నలభై ఫ్లాట్లకూ పన్నెండు నెలలకూ పంచితే నెలకు 300 వస్తుంది. మీరడిగే 1,200లో 300, కట్టనివాళ్ల తరఫున కట్టేవాళ్లను అడుగుతున్నట్టే కదమ్మా?"

కోశాధికారి: "బాకీ వసూలు చేయాల్సిందే, కాదనను. కానీ అది ఒక్కసారి వచ్చే డబ్బు. పాత బాకీ అంతా వచ్చినా వచ్చే ఏడాది ఖర్చు తగ్గదు కదండీ."

మాస్టారు: "పాత బాకీ ఒక్కసారే వస్తుంది. ఆ ఆరుగురూ ఇకనుంచి నెలనెలా కడితే మాత్రం ఏటా 1,44,000 వస్తూనే ఉంటుంది."

ఈ ఒక్క మాటతో కోశాధికారి తన పట్టిక సవరించుకోవలసి వచ్చింది. ప్రతి సంఘంలోనూ పెంపు ప్రతిపాదనకు ముందు ఈ లెక్క వేయాలి. బాకీని ఆదాయంగా చూపిస్తే బడ్జెట్ అబద్ధమవుతుంది. బాకీని శాశ్వత లోటుగా ఒప్పేసుకుంటే నిజాయతీగా కట్టేవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

నీటి పద్దు ఇంకా చిక్కు. హైదరాబాద్‌లో చాలా భవనాలు జలమండలి నీళ్లు, బోరు, ట్యాంకర్ మూడింటి మీదా ఆధారపడతాయి. వేసవిలో బోరు అడుగంటితే ట్యాంకర్ల ఖర్చు ఒక్కసారిగా పైకి లేస్తుంది. 2024 వేసవిలో నగరం పడమటి భాగంలో ఎన్నో అపార్ట్‌మెంట్లకు ఆ అనుభవం అయింది. నెలకు 20,000 లీటర్ల వరకు గృహాలకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. దాన్ని పొందాలంటే కనెక్షన్‌కు మీటరు, ఆధార్ అనుసంధానం ఉండాలి. ఆ పని పూర్తి చేయని భవనాలు రావలసిన మినహాయింపు పోగొట్టుకుంటాయి. ఇక ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి పొర్లడం, ఫ్లష్ ట్యాంకులు కారడం, సంపు గోడ చెమ్మగిల్లడం లాంటివి ఎవరూ లెక్క రాయని నష్టాలు. రేటు ముందు పెంచి లీకేజీ తరువాత చూద్దామనడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

డీజిల్‌కు ఒక పుస్తకం పెట్టాలని మాస్టారు అడిగారు. కరెంటు ఎప్పుడు పోయింది, జనరేటరు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు పోశారు, ఈ మూడు గడులు చాలు. లిఫ్టు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) చవకది చాలని ఆయన అడిగిన పొదుపు మాత్రం సరైనది కాదు. ఏఎంసీ సాధారణంగా రెండు రకాలు. ఒకదానిలో కంపెనీ మనిషి వచ్చి నూనె వేసి, సర్ది వెళతాడు, విడిభాగాల ఖర్చు సంఘానిదే. రెండోదానిలో ఒప్పందంలో రాసిన విడిభాగాలు కూడా కలిసి ఉంటాయి. మొదటిది చవక. కొత్త లిఫ్టుకు అది చాలు. పద్దెనిమిదేళ్ల లిఫ్టుకు రోప్, కంట్రోలర్ కార్డు, కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీ పరికరం ఒకదాని తరువాత ఒకటి మార్పుకొస్తాయి. ఆ వయసులో చవక ఒప్పందం అసలు చవక కాదు. లిఫ్టులో మనుషులు ఎక్కుతారు గనుక కోత పెట్టే పద్దుల్లో ఇది చివరిది కావాలి.

పద్దులన్నీ చూశాక నడిపే ఖర్చుకు ఫ్లాట్‌కు సగటున 2,600 చాలునని ఇద్దరికీ కుదిరింది. 3,200 దగ్గర మొదలైన ప్రతిపాదన నుంచి ఆరు వందలు తగ్గింది. మాస్టారు అడ్డు చెప్పకపోయి ఉంటే ఆ ఆరు వందలు ఎటు పోతున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. సభలో అభ్యంతరం చెప్పేవారిని గొడవమనిషిగా చూసే అలవాటు చాలా సంఘాల్లో ఉంది, దానివల్ల సంఘమే నష్టపోతుంది.

అసలైన విభేదం ఆ తరువాత వచ్చింది.

కోశాధికారి: "ఇది నడపడానికి మాస్టారూ. మార్చడానికి? లిఫ్టుల ఆయుష్షు ఇరవై, ఇరవై అయిదేళ్లంటారు. మనవి పద్దెనిమిదికి వచ్చాయి. బాగా చూసుకుంటూ ఇంకో పదేళ్లు నడిపిద్దామనుకుందాం. అప్పటికి రెండూ మార్చడానికి 24 లక్షలు కావాలనుకుంటే ఫ్లాట్‌కు 60,000. ఇప్పటినుంచి దాస్తే నెలకు 500. బయటి పెయింటు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ఆరేళ్లకోసారి 12 లక్షలనుకుంటే నెలకు సుమారు 420. మొత్తం తొమ్మిది వందల పైచిలుకు. బిల్డర్ అప్పగించిన కార్పస్ నిధి మూడేళ్ల కిందట బోరు వేసినప్పుడే అయిపోయింది."

మాస్టారు: "నాకు డెబ్బై నాలుగేళ్లమ్మా. పదేళ్ల తరువాత వచ్చే లిఫ్టుకు నేనెందుకు కట్టాలి? అప్పుడు ఉండేవాళ్లు అప్పుడు పంచుకుంటారు."

కోశాధికారి: "కొత్త లిఫ్టుకు కట్టమనడం లేదండీ. పద్దెనిమిదేళ్లుగా ఎక్కి దిగుతున్న లిఫ్టు అరిగింది. ఆ అరుగుదలలో మీదీ నాదీ భాగం ఉంది. ఇప్పుడు అమ్ముకుని వెళ్లిపోయేవాళ్లు ఆ భాగం కట్టకుండా వెళితే, రేపు కొనుక్కునేవాళ్ల నెత్తిన పడుతుంది."

పెంపు వాదంలో అన్నిటికన్నా గట్టిది ఇదే. భవనం ప్రతిరోజూ కొంచెం అరుగుతుంది, ఆ అరుగుదలకు ఆ రోజు ఉన్నవాళ్లు బాధ్యులు. నిధి లేని సంఘంలో ఖర్చు తప్పించుకోవడం ఉండదు, దాని భారం ఒకరినుంచి ఇంకొకరికి మారుతుంది. పెద్ద ఖర్చు ఒక్కసారి వచ్చినప్పుడు, ఒకే దఫాలో లక్ష కట్టలేని ఇల్లే ముందు దెబ్బతింటుంది. మాస్టారు కాపాడాలనుకుంటున్న చిన్న ఫ్లాట్ల వాళ్లే ఆ ఇళ్లలో ఎక్కువ.

మహారాష్ట్ర ఈ సంగతి ముందే గ్రహించింది. అక్కడి సహకార గృహ సంఘాల నమూనా నియమావళి, నిర్మాణ వ్యయంలో ఏటా కనీసం 0.25 శాతం పెద్ద మార్పులకు దాచే సింకింగ్ ఫండ్‌కూ, కనీసం 0.75 శాతం మరమ్మతుల నిధికీ జమ చేయమంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా చట్టం ప్రకారం సంఘం కనీసం మూడేళ్లకోసారి ఉమ్మడి భాగాలను పరిశీలించి, ఏది ఎప్పుడు మార్చాలో, అందుకు ఎంత దాచాలో లెక్క వేయాలి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ అమెరికా శివార్లలో ఈ సంఘాల చందా ఇంటి ఖర్చుల్లో మామూలు పద్దు.

కోశాధికారి ఫ్లోరిడా ఉదాహరణ తెచ్చారు. మయామీ దగ్గర సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే పన్నెండంతస్తుల భవనం 1981లో కట్టినది. 136 ఫ్లాట్లు. ఈత కొలను ఉన్న డెక్ కింద వాటర్‌ప్రూఫింగ్ పాడై కాంక్రీటు దెబ్బతింటోందని ఒక ఇంజనీరు 2018లో నివేదిక ఇచ్చాడు. మరమ్మతులకు యజమానులనుంచి ప్రత్యేక వసూలు ఎంత, ఎవరు ఎంత కట్టాలన్న దానిమీద వాదోపవాదాలు సాగాయి. చివరకు 2021లో ఒకటిన్నర కోట్ల డాలర్ల వసూలుకు నిర్ణయం జరిగింది. చెల్లింపులు జూలై 1న మొదలుకావాలి. జూన్ 24 తెల్లవారుజామున భవనంలో పెద్ద భాగం కూలిపోయింది. 98 మంది చనిపోయారు.

మాస్టారు: "ఆ సంగతి నేనూ చదివానమ్మా. ఆ కొలను డెక్ డిజైనే అప్పటి నిబంధనలకు తగినంత బలంగా లేదని తరువాత దర్యాప్తు చేసిన అమెరికా సంస్థ చెప్పింది. చందా తక్కువ కాబట్టి కూలిందనడం సరికాదు. దాని తరువాత ఏం జరిగిందో కూడా చెప్పండి. ఫ్లోరిడా 2022లో చట్టం తెచ్చింది, పాత భవనాలకు నిధి తప్పనిసరి చేసింది. చందాలు ఒక్కసారిగా పెరిగి, పింఛను మీద బతికే ముసలివాళ్లు ఇళ్లు అమ్ముకోవాల్సి వచ్చింది. 2025లో ఆ చట్టాన్ని మళ్లీ కొంత సడలించారు."

మాస్టారు చెప్పినవి నిజాలే, అవి ఆయన వాదానికి కొంత ఎదురుగానే నిలుస్తాయి. డిజైన్ లోపం ఉన్న భవనంలో హెచ్చరిక వచ్చాక పని మొదలుకావడానికి మూడేళ్లు పట్టడానికి, చేతిలో డబ్బు లేకపోవడం ఒక పెద్ద కారణం. ఇక ఫ్లోరిడా వృద్ధుల కష్టం నిధి కూడబెట్టడం వల్ల వచ్చింది కాదు. దశాబ్దాలపాటు కూడబెట్టక, చట్టం గడువు పెట్టాక రెండు మూడేళ్లలో అంతా పోగుచేయవలసి రావడం వల్ల వచ్చింది. తెలుగు నగరాల్లో పెద్ద సంఖ్యలో అపార్ట్‌మెంట్లు లేచినవి 1990ల నుంచే. వాటిలో పాతవి ముప్పై ఏళ్ల వయసుకు వచ్చాయి. సెల్లారు పిల్లర్ల దగ్గర పెచ్చులూడి ఇనుము కనపడుతున్న భవనాలకు ఇంజనీరును పిలిచి చూపించడానికి కూడా నిధి ఉండాలి. బిల్డర్‌ను అడుగుదామంటే, రెరా కింద నిర్మాణ లోపాలను సొంత ఖర్చుతో సరిచేసే బాధ్యత అప్పగించిన నాటినుంచి అయిదేళ్లే.

నిధికి మాస్టారు ఒప్పుకున్నారు, అయితే మూడు షరతులు పెట్టారు. నిధికి వేరే బ్యాంకు ఖాతా, ముగ్గురి సంతకం. సర్వసభ్య తీర్మానం లేకుండా అందులోంచి రూపాయి తీయకూడదు. ఏ పనికి ఏ సంవత్సరంలో ఎంత కావాలో పట్టిక గేటు దగ్గర అంటించాలి. మూడూ అడగదగ్గవే. నడిపే ఖర్చూ దాచే నిధీ ఒకే ఖాతాలో ఉంటే, ట్యాంకర్ల నెలలో లిఫ్టు డబ్బు కరిగిపోవడం ఖాయం. డిపాజిట్ మీద వచ్చే వడ్డీని కూడా పట్టికలో చూపాలి. సభ్యులు తమలో తాము పోగుచేసుకున్న సొమ్ముకు పరస్పరత సూత్రం కింద ఆదాయపు పన్ను ఉండదు గాని, బ్యాంకు డిపాజిట్ల వడ్డీకి ఆ సూత్రం పనిచేయదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చాలా సంఘాలు ఈ పన్ను మాట మరిచిపోయి, ఏళ్ల తరువాత నోటీసు వస్తే కంగారుపడతాయి.

ఇంతకీ ఎవరి వాటా ఎంత? ఈ భవనంలో 1,000 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇరవై, 1,600 అడుగులవి ఇరవై ఉన్నాయనుకుందాం. నెలకు కావలసింది 1,04,000.

మాస్టారు: "మొత్తం అడుగులు 52,000. అడుగుకు రెండు రూపాయలు. నాకు 2,000, పెద్ద ఫ్లాట్‌కు 3,200. వాటా ఎంతో భారం అంతే ఉండాలి. మహారాష్ట్ర, కర్ణాటక అపార్ట్‌మెంట్ చట్టాలు ఉమ్మడి ఖర్చును విడదీయరాని వాటా నిష్పత్తిలోనే పంచమంటాయి."

కోశాధికారి: "వాచ్‌మన్ గేటు తీసేటప్పుడు ఇంటి అడుగులు చూడడు కదా మాస్టారూ. లిఫ్టు అందరికీ ఒకేలా ఎక్కుతుంది. పెద్ద ఫ్లాట్‌లో ఇద్దరే ముసలి దంపతులు ఉంటారు, చిన్న ఫ్లాట్‌లో ఆరుగురు. నీళ్లు ఎవరు ఎక్కువ వాడతారు?"

ఇద్దరూ చెప్పేది ఒకే ఖర్చు గురించి కాదు. పెయింటు, టెర్రస్, పునాది, పైపులైను లాంటివి ఆస్తిని నిలబెట్టే ఖర్చులు. వాటి ఫలితం ఆస్తి విలువలో కనపడుతుంది గనుక విస్తీర్ణాన్ని బట్టి పంచడం న్యాయం. వాచ్‌మన్, గేటు దీపం, లిఫ్టు కరెంటు, ఆడిటరు ఫీజు ఇంటికి ఇంత అని పంచదగినవి. నీటికి ఫ్లాట్ ఫ్లాట్‌కూ మీటరు పెట్టడమే సరైన జవాబు. పాత ప్లంబింగ్‌లో ఒక్కో ఫ్లాట్‌కు మూడు నాలుగు పైపులు దిగుతాయి గనుక అది వెంటనే కుదరకపోవచ్చు. కోశాధికారి కొత్త లెక్క వేశారు. ఖర్చులో సగం ఇంటికి సమానంగా, అంటే 1,300. మిగతా సగం అడుగుకు రూపాయి. చిన్న ఫ్లాట్‌కు 2,300, పెద్దదానికి 2,900. నిధిని పూర్తిగా అడుగుల మీద పంచితే, సగటున 900కు చిన్న ఫ్లాట్‌కు సుమారు 690, పెద్దదానికి 1,110. మాస్టారుకు మొత్తం 2,990 వచ్చింది. మొదట అడిగిన 3,200 కన్నా తక్కువే, పైగా అందులో నిధి కూడా ఉంది. పెద్ద ఫ్లాట్ల వాళ్లకు 4,010 వచ్చింది, వాళ్లు సణగడం సహజం. వాళ్లకు చెప్పవలసిన జవాబు ఒక్కటే. ఫ్లాట్ అమ్మేటప్పుడు ధర అడుగుల మీదే వస్తుంది.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు లిఫ్టుకు కట్టబోమనడం ఇంకో పాత తగువు. వాళ్లూ ట్యాంకు చూడటానికో, వడియాలు పెట్టుకోవడానికో టెర్రస్ మీదికి వెళతారు. లిఫ్టు లేని భవనంలో వాళ్ల ఫ్లాట్‌కూ ధర తగ్గుతుంది. పై అంతస్తు టెర్రస్ కారితే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల డబ్బు కూడా అందులో పడుతుంది, మోరీ పొంగితే పై అంతస్తు వాళ్ల డబ్బు కిందికి వస్తుంది. ఉమ్మడి అంటే అదే కాబట్టి మినహాయింపులు మొదలుపెడితే లెక్క ఎక్కడా ఆగదు.

అద్దెకున్నవాళ్ల సంగతి ఇంతకన్నా తొందరగా తేలుతుంది. హైదరాబాద్‌లో మెయింటెనెన్స్ అద్దెదారే కట్టడం ఆనవాయితీ. నడిపే ఖర్చు వరకు అది సబబే. పదేళ్ల తరువాతి లిఫ్టుకు, పదకొండు నెలల ఒప్పందం మీద ఉన్న కుటుంబం చేత కట్టించడం తప్పు. నిధి రశీదు యజమాని పేరునే వెళ్లాలి. ఖాతాలు వేరు చేయడం వల్ల ఈ అన్యాయం కూడా పోతుంది. అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న యజమానులు సభకు రారు, కోరం సరిపోదు. అభిప్రాయం అడిగితే, పెంచకపోతే చాలని వాట్సాప్‌లో ఒక్క మాట పెడతారు. బైలాలో అవకాశం ఉంటే రాతపూర్వక ప్రాక్సీ తీసుకోవాలి. లేకపోతే ముందు బైలా సవరించుకోవాలి. వాట్సాప్ బొటనవేలు గుర్తును తీర్మానంగా రాసుకున్న సంఘాలు తరువాత ఆ తీర్మానం చెల్లుతుందని నిరూపించుకోలేక అవస్థపడతాయి.

ఇక ఎంత వేగంగా పెంచాలన్నది మిగిలింది.

మాస్టారు: "నాకు పింఛనుతో పాటు డీఏ వస్తుంది, సర్దుకుంటాను. మూడో అంతస్తులో ప్రైవేటు కంపెనీలో రిటైరైనాయన ఉన్నారు. ఈపీఎస్ కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలు చేశారు, పదేళ్లు దాటినా పెరగలేదు. ఆయనను దృష్టిలో పెట్టుకుని చెప్పండి."

కోశాధికారి: "ఈ ఏప్రిల్ నుంచి సగం, వచ్చే ఏప్రిల్ నుంచి పూర్తిగా పెంచుదాం. ఆ తరువాత ఏటా 5 శాతం దానంతటదే పెరిగేలా తీర్మానం చేద్దాం. ఎనిమిదేళ్లు ఆగే పరిస్థితి మళ్లీ రాకూడదు."

మాస్టారు: "రెండు విడతలు సరే. దానంతటదే పెరగడం మాత్రం ఒప్పుకోనమ్మా. ఏటా బడ్జెట్ సభలో పెట్టి అడగండి. అడిగే పని లేకపోతే లెక్క చెప్పే పనీ ఉండదు."

ఇద్దరూ ఇక్కడ ఏకాభిప్రాయానికి రాలేదు. కాలిఫోర్నియా చట్టం వీటి మధ్య ఒక దారి చూపుతుంది. అక్కడ కార్యవర్గం గత ఏడాది చందా మీద 20 శాతం వరకు తనంతట తాను పెంచవచ్చు, అంతకు మించితే సభ్యుల ఓటు కావాలి. బడ్జెట్ ఖర్చులో 5 శాతం దాటే ప్రత్యేక వసూళ్లకూ అదే నియమం. హైదరాబాద్‌లోని నలభై ఫ్లాట్ల భవనానికి 20 శాతం చాలా ఎక్కువ. బైలాలో కార్యవర్గానికి 5 శాతం వరకు అధికారం ఇచ్చి, ఆపైన సర్వసభ్య సమావేశాన్ని అడగాలని, ఆ 5 శాతానికి కూడా ఆడిట్ అయిన లెక్క ముందే సభ్యులకు అందాలని రాసుకోవడం మేలు.

పెంపు పెద్దదైతే పన్ను కూడా చూసుకోవాలి. నెలకు ఫ్లాట్‌కు 7,500 రూపాయల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. 2018 జనవరి వరకు ఈ పరిమితి 5,000. అది దాటి, సంఘం మొత్తం వసూళ్లు ఏడాదికి 20 లక్షలు మించితేనే 18 శాతం పన్ను పడుతుంది. పరిమితి దాటితే మొత్తం మీద కట్టాలని 2019లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. దాటిన భాగం మీదే కట్టాలని 2021లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. ఒకే యజమానికి రెండు ఫ్లాట్లుంటే పరిమితిని ఫ్లాట్‌కు విడిగా చూస్తారు. ఈ నమూనా భవనం ఏ పరిమితినీ దాటదు. క్లబ్ హౌస్, ఈత కొలను ఉన్న గేటెడ్ కమ్యూనిటీల్లో మాత్రం 7,400 నుంచి 7,600కు పెంచడం వల్ల వచ్చే ఆదాయం కన్నా పన్ను భారం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

చివరి అంశం బాకీదారులు. కట్టనివారి నీళ్లు ఆపాలని, లిఫ్టు కార్డు రద్దు చేయాలని సభలో కేకలు వినపడతాయి.

కోశాధికారి: "నీళ్ల జోలికి వెళితే మనమే కోర్టు మెట్లెక్కాలి మాస్టారూ. ముందు రాతపూర్వక నోటీసు, ఆపైన బైలాలో రాసుకున్న వడ్డీ. మహారాష్ట్రలో బాకీ మీద ఏడాదికి 21 శాతం సాధారణ వడ్డీ చాలాకాలం గరిష్ఠ పరిమితిగా ఉంది. మనం 12 పెట్టుకుందాం. అప్పటికీ కట్టకపోతే సివిల్ దావా. ఫ్లాట్ అమ్మేటప్పుడు సంఘం నుంచి బాకీ లేదన్న కాగితం కొనేవాళ్లు ఎలాగూ అడుగుతారు."

మాస్టారు: "కట్టగలిగీ కట్టనివాళ్లకు అది సరే. జబ్బు పడ్డ ఇల్లు, ఉద్యోగం పోయిన ఇల్లు ఉంటాయి. వాళ్లకు మాఫీ వద్దు, వాయిదాలు ఇవ్వండి. వడ్డీ వేయకండి."

ఈ రెండూ తీర్మానంలో చేరాయి. వాయిదా కోరేవారు కార్యవర్గంలో ఇద్దరికి చెబితే చాలు. సభలో నిలబడి కష్టం చెప్పుకోనక్కర్లేదు. నోటీసు బోర్డు మీద బాకీల మొత్తం ఉంటుంది, వాయిదా తీసుకున్నవారి ఫ్లాట్ నంబరు ఉండదు. వాయిదా గడువు ఆరు నెలలు, అవసరమైతే ఇంకో ఆరు. మొదటి విడత పెంపు ఏప్రిల్ 1 నుంచి, వాచ్‌మన్ జీతం పెంపు కూడా అదే తేదీ నుంచి అమలు.